రెండో గడిలో ఊపిరి

బూరలాయన పార్కు బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చేతిలోని బెలూన్ల దారాలు జారిపోతే గానీ ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఎరుపు, పసుపు, నీలం బెలూన్లు గుంపుగా నది మీదికి లేచిపోతుంటే, ఎదురుగా హోటల్ టెర్రస్ మీద టీ తాగుతున్న వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ముచ్చటపడి చప్పట్లు కూడా కొట్టారు.

మెడ వెనక, కాలరుకి కాస్త పైన, చీమ కుట్టినంత గుర్తు. డిపార్ట్‌మెంట్ డాక్టరు దాన్ని భూతద్దంలో చూసి, గుండెపోటని రాయమంటే రాస్తానన్నాడు. చీఫ్ రాయమన్నాడు.

మర్నాడు పొద్దున్నే ట్యూనర్‌కి కబురొచ్చింది.

డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఒక డ్రై క్లీనింగ్ షాపు వెనక గదిలో ఉంది. ముందు కౌంటర్లో నిజంగానే బట్టలు తీసుకుంటారు, నిజంగానే ఉతుకుతారు, అప్పుడప్పుడు నిజంగానే పోగొడతారు. హ్యాంగర్లకి వేలాడే ఎవరెవరి కోట్లో తప్పించుకుంటూ వెళితే చివర్లో ఒక టేబులు, దాని వెనక చీఫ్.

ట్యూనర్ అంటే పియానోలు శ్రుతి చేసేవాడు. అది అతని కవర్, కానీ ఉత్తుత్తి కవర్ కాదు. యాభై దాటిన ఆ మనిషి పని ఎంత బాగా చేస్తాడంటే, ఊళ్ళో ఉన్న ఎంబసీలన్నీ అతన్నే పిలుస్తాయి. పియానో ఉన్న గదిలోనే పెద్దవాళ్ళు మాట్లాడుకుంటారు. మూత కింద తలదూర్చి తీగలు బిగించే మనిషిని పట్టించుకున్నవాడు ఇంతవరకూ లేడు.

"బూరలాయన ఎవరో తెలుసా?" అన్నాడు చీఫ్.

"బూరలు అమ్మేవాడు."

"మనవాడు. హోటల్ టెర్రస్ మీంచి వచ్చే మెసేజ్ వినడం అతని డ్యూటీ. పంపేదెవరో నీకు తెలుసు."

తెలుసు. తెలియనట్టు ఉండాలని రూలు. ఒకే ఇంటివాళ్ళు ఒకే లైన్లో పని చేయకూడదు. మూడేళ్ళ కిందట తన చెల్లెల్ని డిపార్ట్‌మెంట్లో చేర్పించినప్పుడు ట్యూనర్ ఆ రూలుకి ఒప్పుకున్నాడు. అప్పట్నించి ఆమెను చూడలేదు. ఆమె ఆ హోటల్లో సాయంత్రం టీ వేళ పాటలు పాడుతుందనీ, పాటల మధ్య మౌత్ ఆర్గాన్ వాయిస్తుందనీ, ఒక విదేశీ ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోందనీ గాలివార్తగా విన్నాడు. చేర్పించినందుకు గర్వపడిన రోజులున్నాయి. ఈ మధ్య ఆ గర్వం తగ్గి నిద్ర పట్టడం మానేసింది.

ముఠా నాయకుడు పైకి ఎగుమతుల వ్యాపారి. మనిషికన్నా ముందు అతను పూసుకున్న సెంటు గదిలోకి వస్తుంది కాబట్టి డిపార్ట్‌మెంట్లో అతన్ని సెంటుబాబు అంటారు. అతని ప్లాన్ ఇంతవరకే తెలిసింది: రేపు సాయంత్రం నది దాటే లాంచీల్లో ఒకదాన్ని జనంతో సహా పేల్చడం, నేరం పొరుగుదేశం మీదికి నెట్టడం, ఆ పైన రెండు దేశాలూ కొట్టుకుంటుంటే రెండింటికీ ఆయుధాలు అమ్ముకోవడం. నది మీద పన్నెండు రేవులున్నాయి. బేసి నంబర్లవి ఈ ఒడ్డున, సరి నంబర్లవి అవతలి ఒడ్డున. ఏ రేవు అన్నది మాత్రం సెంటుబాబు తన వాళ్ళకి ఆఖరి రోజున చెబుతాడు. రేపు టీ వేళకి ఆమెకి తెలుస్తుంది.

"లాంచీలన్నీ ఆపేస్తే?" అన్నాడు ట్యూనర్.

"మనకి తెలుసని వాళ్ళకి తెలుస్తుంది. బాంబు ఇంకో చోట, ఇంకో రోజు పేలుతుంది. మీ చెల్లెలు రేపే పోతుంది."

"అయితే విని చెప్పేవాడు కావాలి."

"వినగలిగినవాడు నువ్వొక్కడివే మిగిలావు. అందుకే రూలు పక్కన పెట్టాను." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఇంకో సంగతి. ఆ లైను గురించి తెలిసింది ముగ్గురికి. నాకు, బూరలాయనకి, ఆమెకి. బూరలాయన పోయాడు. నేను ఎవరికీ చెప్పలేదు."

ట్యూనర్ సంచి పట్టీ బిగించుకున్నాడు.

"ఆమె అటు తిరిగిందని నేననను. తిరగలేదనీ అనను. రేపు హోటల్ ఎదురుగా బీమా కంపెనీ మేడ మీద మనవాడు రైఫిల్‌తో ఉంటాడు. ఆమె చెప్పిన రేవులో బాంబు దొరికితే, ఆమెను బయటికి తీసుకొస్తాం. దొరక్కపోతే తీసుకురాం."

బ్రీఫింగ్ అంతే. ట్యూనర్ లేచేటప్పుడు ఒక కోటు జేబు మోచేతికి తగులుకుంది. ఎవరిదో ఏమో, దులిపి సరిచేసి వెళ్ళాడు.

ఇక్కడ కాస్త సంగీతం చెప్పుకోక తప్పదు. భయపడకండి, చీఫ్‌కి అర్థమైనంతే చెప్పుకుందాం. చీఫ్‌కి ఇంటర్వెల్ అంటే సినిమా మధ్యలో వేరుశెనక్కాయలు కొనుక్కునే టైము. పాశ్చాత్య సంగీతంలో ఇంటర్వెల్ అంటే ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య దూరం. పియానో మీద తెల్ల మెట్టూ నల్ల మెట్టూ ఏదీ వదలకుండా లెక్కపెడితే, ఒక్కొక్కటీ ఒక అరమెట్టు. నాలుగు అరమెట్లయితే మేజర్ థర్డ్, సంతోషంగా వినిపిస్తుంది. మూడే అయితే మైనర్ థర్డ్, కాస్త దిగులు. ఏడయితే పర్ఫెక్ట్ ఫిఫ్త్, స్థిరంగా, తలుపు వేసి గడియ పెట్టినట్టు ఉంటుంది. పన్నెండయితే ఆక్టేవ్, మళ్ళీ అదే స్వరం పై అంతస్తులో. పన్నెండు దూరాలు, పన్నెండు రేవులు. ఏ స్వరం దగ్గర మొదలుపెట్టినా దూరం మారదు కాబట్టి, వాద్యం ఏదైనా కోడ్ చెడదు. పాట అయ్యాక ఆమె మౌత్ ఆర్గాన్‌ని అరచేతికి తట్టి తేమ దులుపుతుంది. ఆ తర్వాత ఊరికే సరిచూసుకున్నట్టు వాయించే రెండు స్వరాలే మెసేజ్.

డిపార్ట్‌మెంట్‌లో పరికరాలు తయారుచేసే కుర్రకారుకి తెలివి ఎక్కువ, ఆలోచన తక్కువ. ట్యూనర్‌కి వాళ్ళు ఇచ్చిన రేడియో, చెవిటి మిషన్ రూపంలో ఉంది. చీఫ్ మాటలు అందులో వినిపిస్తాయి. మైకు, తీగలు బిగించే లీవర్ పిడిలో పెట్టారు. మాట్లాడాలంటే లీవర్ దగ్గరికి వంగి గొణుక్కుంటే చాలు.

మర్నాడు టీ వేళకి ముందు హోటల్ మేనేజరు అతన్ని ఎగాదిగా చూశాడు. చెవి దగ్గర చూపు ఆగింది.

"చెవిటి ట్యూనరా?"

"వేళ్ళతో వింటానండీ," అన్నాడు ట్యూనర్, కాస్త గట్టిగా. "చెవులు మోసం చేస్తాయి. వేళ్ళు చెయ్యవు."

మేనేజరు దీన్ని గొప్ప విషయంగా తీసుకుని లాంజ్‌లోకి తీసుకెళ్ళాడు. పెద్ద గది. ఒక పక్కంతా గాజు తలుపులు, వాటికవతల టెర్రస్, టెర్రస్ కింద నది. ఏడో రేవు సరిగ్గా హోటల్ కాళ్ళ దగ్గరే ఉంది. ఆరో రేవు ఎక్కడో అవతలి ఒడ్డున, ఎండలో చుక్కలా కనిపిస్తోంది. మధ్యలో ఉన్న బ్రిడ్జి మీద బళ్ళు తోసుకుంటున్నాయి.

ట్యూనర్ పియానో మూత ఎత్తి, తీగల మధ్య రబ్బరు ముక్కలు దోపి పని మొదలుపెట్టాడు. మూడేసి తీగలకి ఒక స్వరం. రెండింటి నోరు నొక్కి మూడోదాన్ని సరిచెయ్యాలి. ఆ పనిలో ఉండగా సెంటు వాసన వచ్చింది. వెనకే సెంటుబాబు. అతని చెయ్యి పట్టుకుని ఆమె.

ఆకుపచ్చ సిల్కు గౌను, భుజాలదాకా కత్తిరించిన జుట్టు, నడుస్తుంటే గదిలో సగం తలలు తిరిగాయి. మూడేళ్ళలో ఆమె అందంగా తయారైందని అందరికీ కనిపిస్తుంది. చిక్కిపోయిందని అతనికి ఒక్కడికే కనిపించింది. చిన్నప్పుడు జ్వరమొస్తే ఇలాగే బుగ్గలు లోపలికి పోయేవి.

ఆమె చూపు గది చుట్టూ తిరిగి అతని మీదికి వచ్చింది. ఆగకుండా దాటిపోయింది. ఆగకుండా దాటించడం ఎంత కష్టమో అతనికి తెలుసు.

వెంటనే ఆమె మేనేజరుని పిలిచింది. "ఈ చెవిటాయన్ని పంపించెయ్యండి. నేను పాడుతుంటే ఆ టింగు టింగు ఏంటి?"

మేనేజరు నసిగాడు. సెంటుబాబు నవ్వి, ఉండనివ్వమన్నాడు. అతని భాషలో తప్పుండదు, తప్పు లేకపోవడమే తేడాగా వినిపిస్తుంది. "చెవిటివాడే కదా. పాట బాగాలేదని అనడు."

"చూశావా," అన్నాడు చీఫ్ చెవి మిషన్లో. "నిన్ను బయటికి పంపాలని చూస్తోంది. వినేవాడు ఉండకూడదని."

ఆ మాట ట్యూనర్ గుండెల్లో ముల్లులా దిగింది. తల మూతలో దూర్చి తీగల వంక చూస్తూ ఉండిపోయాడు.

తెరిచిన గాజు తలుపుల దగ్గర నిలబడి ఆమె రెండు పాటలు పాడింది. తర్వాత పర్సులోంచి మౌత్ ఆర్గాన్ తీసింది. అరచేతిలో ఇమిడిపోయే పది గడుల వాద్యం. గడిలోకి ఊదితే ఒక స్వరం, అదే గడిలోంచి పీలిస్తే ఇంకో స్వరం. ఊపిరి విడవడమూ పీల్చడమూ రెండూ పాటే అయ్యే వాద్యం ఇదొక్కటేనని, దాన్ని నేర్పుతూ చెల్లెలికి చెప్పింది అతనే. ఆమె వాయిస్తుంటే సెంటుబాబు పాట వినడం లేదు. వింటున్నవాళ్ళు ఎవరా అని ఒక్కో మొహమే చూస్తున్నాడు. చెవిటివాడి దగ్గరికి వచ్చేసరికి చూపు ఆగకుండా జరిగిపోయింది. పరికరాల కుర్రాళ్ళకి ట్యూనర్ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

పాట అయింది. ఆమె వాద్యాన్ని అరచేతికి తట్టింది. రెండు స్వరాలు వాయించింది.

అన్నిటికన్నా కింది దో, అంటే మన షడ్జం లాంటిది. దాని మీద, ఆరు అరమెట్ల ఎత్తులో ఇంకోటి. ట్రైటోన్ అంటారు ఆ దూరాన్ని. ఎటూ చేరకుండా మధ్యలో వేలాడే దూరం, వింటే పళ్ళు పులుస్తాయి. పక్క టేబుల్ దగ్గర ఒకావిడ మొహం చిట్లించింది కూడా. ట్యూనర్ మొహం మాత్రం చెక్కలా ఉంది. లీవర్ దగ్గరికి వంగాడు.

"ఆరు."

"ఖాయమా?"

"నా చెవి తప్పు వినదు సార్."

అవతలి ఒడ్డుకి స్క్వాడు బయల్దేరింది. రంగులు వేసే పనివాళ్ళ వేషంలో, డబ్బాలూ బ్రష్షులూ పట్టుకుని, వాళ్ళ ముందు బాంబుల సార్జెంటు. ట్యూనర్ ఒక్కో తీగే బిగిస్తూ కూర్చున్నాడు. ఆమె సెంటుబాబు పక్కన టెర్రస్ మీద కూర్చుంది. టీ కప్పు ఎత్తింది, తాగకుండా దింపింది. వీపు అతనివైపు. ఎదుటి మేడ మీద రైఫిల్ ఆమెని చూస్తోందో, పక్కన కూర్చున్న మొహాన్ని చూస్తోందో అతనికి కనిపించదు.

చాలాసేపటికి చెవిలో గరగర మంది.

"ఆరో రేవు ఖాళీ," అన్నాడు చీఫ్. "లాంచీ అడుగు చెక్కలు కూడా ఊడదీసి చూశారు. ఏం లేదు."

"ఇంకోసారి చూడమనండి."

"రెండోసారి చూశాకే చెప్తున్నాను. ఆమె మనల్ని కావాలనే అవతలి ఒడ్డుకి పంపింది. బూరలాయన్ని అమ్మేసింది, ఇప్పుడు మనల్నీ అమ్మేసింది. నువ్వు లేచి బయటికి వచ్చెయ్యి. అక్కడ ఉండి చూడొద్దు."

చూడొద్దు అంటే ఏమిటో ట్యూనర్‌కి తెలుసు. ఒక్క నిమిషం ఆగమని బతిమాలాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో చీఫ్‌ని బతిమాలడం అదే మొదలు.

పియానో మీద కింది దో నొక్కాడు. ఆరు అరమెట్ల పైన నల్ల మెట్టు నొక్కాడు. అదే దూరం. తను విన్నది నిజమే. మళ్ళీ నొక్కాడు. పియానోకి ఊపిరి ఉండదు. రెండు స్వరాలూ ఒకే రకంగా పలికాయి. ఆమె వాయించినప్పుడు అలా పలకలేదు. మొదటిది ఊదింది. రెండోది పీల్చింది. ఆ సంగతి చెవి విన్నది కానీ బుర్ర పట్టించుకోలేదు. లెక్కలో పడి దూరం కొలిచాడే గానీ మనిషిని వినలేదు.

"సార్, ఆరు వాయించాలంటే ఆమె అలా వాయించదు."

"ఎలా వాయించదు?"

"ఆ మౌత్ ఆర్గాన్‌లో ఆరు అరమెట్ల దూరం ఉన్న గడులు మూడూ అయిదూ. రెండూ పీల్చాలి. ఆమె ఒకటో గడి ఊది, రెండో గడి పీల్చింది. అది ఏడు వాయించే పద్ధతి. పెదవులు ఒక్క గడే జరుగుతాయి, చూసేవాళ్ళకి తెలీదు."

"ఏడు వాయిస్తే నీకు ఆరు ఎందుకు వినిపించింది?"

"రెండో గడి చెడ్డది సార్. మెల్లగా పీలిస్తే సరిగ్గా పలుకుతుంది. గట్టిగా లాగితే రీడు వంగి స్వరం కిందికి జారుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళందరూ అక్కడే తప్పుతారు."

"ఆమె కొత్తగా నేర్చుకునేది కాదు."

"కాదు." అతను లీవర్ని నోటికి ఇంకాస్త దగ్గరగా తెచ్చుకున్నాడు. "భయపడింది."

మూడేళ్ళుగా ఆ ముఠా మధ్యలో కూర్చుని వాయిస్తూ ఒక్కసారీ జారనివ్వని మనిషి. బూరలాయన ప్రాణం పోవడం ఈ టెర్రస్ మీంచే చూసి ఉంటుంది. వినడానికి ఎవరొస్తే వాళ్ళకీ అదే గతి అని ఆమెకి తెలుసు. తీరా తలెత్తి చూస్తే వచ్చింది అన్నయ్య. అతన్ని బయటికి తోసెయ్యబోయింది అందుకే. తోసెయ్యలేక, వణికే ఊపిరితోనే మెసేజ్ పంపింది. బూరలాయన బతికి ఉంటే ఇంత తంటా ఉండేది కాదు. స్వరం జారినా అతని చెవి పట్టుకునేది కాదు, ఎప్పుడూ వినే పద్ధతి విని ఏడనే చెప్పేవాడు. చెవి మరీ మంచిదైనందువల్ల వచ్చిన తప్పు ఇది. తనని చూసి చెల్లెలు భయపడింది, ఆ భయాన్నే తను సాక్ష్యంగా పట్టుకెళ్ళి రైఫిల్ ముందు పెట్టాడు.

"ఇదంతా నీ చెల్లెలు కాబట్టి చెప్తున్నావా, సంగీతం కాబట్టి చెప్తున్నావా?" అన్నాడు చీఫ్.

"రెండూ సార్."

స్క్వాడు ఎక్కడుందని చీఫ్ ఎవరినో అడగడం వినిపించింది.

"స్క్వాడు బ్రిడ్జికి అవతల ఇరుక్కుంది," అన్నాడు చీఫ్ చివరికి. "ఏడో రేవు లాంచీ షిఫ్టు దిగిన వాళ్ళని ఎక్కించుకుంటోంది. వీళ్ళు వచ్చేసరికి కదిలిపోతుంది."

"నేను వెళ్తాను."

"నీకు బాంబుల గురించి ఏం తెలుసు?"

"ఏమీ తెలీదు. తీగల గురించి తెలుసు."

"సార్జెంటుని నీ లైన్లో కలుపుతాను. లాంచీ కూత వేసేదాకా రైఫిల్‌ని ఆపుతాను. ఆ తర్వాత ఆపలేను. నాకూ పైవాళ్ళున్నారు."

ట్యూనర్ సంచి భుజాన వేసుకుని టెర్రస్ పక్కనుంచే నడిచాడు. ఆమె వైపు చూడలేదు. అతను మెట్లవైపు తిరిగాడని తెలిసి ఆమె భుజాలు కాస్త కిందికి దిగాయి. చెవిటివాడు వెళ్ళిపోతున్నాడు, బతికిపోయాడు అనుకుంది కాబోలు.

ఏడో రేవులో లాంచీ కిటకిటలాడుతోంది. ఫ్యాక్టరీ యూనిఫాంల వాళ్ళు, కూరల సంచులు, సైకిళ్ళు. ట్యూనర్ తోసుకుంటూ ఎక్కాడు. లాంచీలో దాచడానికి ఉన్న చోటు ఒక్కటే, వెనక లైఫ్ జాకెట్లు పెట్టే చెక్కపెట్టె. ఆ పెట్టె మీద ఒక పెద్దావిడ స్థిరంగా కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, కాస్త లేస్తారా?"

"ముందొచ్చింది నేను."

"పెట్టె తెరవాలండీ."

"తెరిచి ఏం చేస్తావు? ఇరవయ్యేళ్ళుగా ఎక్కుతున్నాను, ఆ పెట్టె ఎవడూ తెరవలేదు. నేను లేస్తే నువ్వు కూచుందామని."

చెవిలో సార్జెంటు తొందర పెడుతున్నాడు. ముందు భాగంలో డ్రైవరు తాళ్ళు విప్పమని కేకేశాడు. నిజం చెబితే జనం ఒక పక్కకి పరుగెడతారు, లాంచీ అక్కడే బోల్తా కొడుతుంది. ట్యూనర్ వంగి, పెట్టె అంచు తడిమి, చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు.

"గ్రీజు కారుతోందండీ కింద. మీ బట్టలకి అంటుకుంది."

పెద్దావిడ దిగ్గున లేచి వెనక్కి తిరిగి బట్టలు చూసుకోవడం మొదలుపెట్టింది. ట్యూనర్ మూత ఎత్తాడు.

రెండు జాకెట్ల కింద టిఫిన్ క్యారియరంత డబ్బా ఉంది. మూత లేదు. గడియారం, బ్యాటరీ, వాటి మధ్య రెండు సన్నని ఇత్తడి రేకులు. ఒక రేకు కదలదు. రెండోదాన్ని గడియారం ముల్లు మెల్లగా దాని వైపు నెడుతోంది. మధ్యలో ఎంత సందు ఉందంటే, కాగితం పడుతుంది, వేలు పట్టదు. చూసింది చూసినట్టు గొణిగాడు.

"ఏదీ కొయ్యకు," అన్నాడు సార్జెంటు. "రేకులు రెండూ ఒకదానికొకటి తగలకూడదు, అంతే. మధ్యలో ఏదన్నా దోపు. లోహం కాకూడదు."

సంచిలో చెయ్యి పెడితే మొదట తగిలింది పియానో తీగలకి దోపే రబ్బరు ముక్క. కొస పల్చగా, మొదలు లావుగా ఉంటుంది. ఇరవై ఐదేళ్ళుగా రోజూ చేసే పనే. తీగలకి బదులు రేకులు. కొస సందులో పెట్టి బొటనవేలితో నెట్టాడు. రేకు వచ్చి రబ్బరు మీద ఆగింది. గడియారం ముల్లు అక్కడే తన్నుకుంది. ఏమీ పేలలేదు.

"ఏడు," అన్నాడు లీవర్ పిడిలోకి. "ఏడులోనే ఉంది సార్. ఆమె చెప్పింది నిజం."

సరిగ్గా ఆ మాట మీదే లాంచీ కూత వేసింది. పొడుగాటి కూత. అతని గొంతు అతనికే వినిపించలేదు. కూత ఆగాక మళ్ళీ అరిచాడు. చెవి మిషన్లో చప్పుడు లేదు. ఇంకోసారి అరిచాడు. పెద్దావిడ అతన్ని జాలిగా చూసింది.

పైన హోటల్ దగ్గర తుపాకీ పేలింది. ఒక్కసారే.

ట్యూనర్ రేవు మెట్లు ఎలా ఎక్కాడో అతనికి గుర్తులేదు. దారిలో సంచి పారేశాడు. ఎవరినో గుద్దేశాడు. అమ్మడూ, అమ్మడూ అని ఆమె చిన్నప్పటి ముద్దుపేరు పైకే అంటున్నాడు, కవర్ సంగతి గంగలో కలిసింది. ఎత్తుకుని తిప్పిన పిల్ల. దేశానికి పనికొస్తుందని తనే తీసుకెళ్ళి అప్పగించాడు. అప్పగించేటప్పుడు ఆమెని అడగనైనా లేదు సరిగ్గా, నువ్వయితే బాగా చేస్తావు అన్నాడు, అన్నయ్య చెప్పాడని ఆమె తలూపింది.

లాంజ్‌లో కుర్చీలు పడి ఉన్నాయి. టెర్రస్ మీద సెంటుబాబు భుజం పట్టుకుని మూలుగుతూ కూలబడి ఉన్నాడు. అతని పిస్తోలు కాస్త దూరంగా కిందపడి ఉంది. పియానో కింద ముడుచుకుని ఆమె కూర్చుని ఉంది. ఆకుపచ్చ గౌను మీద ఎర్రటి తుంపర. ట్యూనర్ మోకాళ్ళ మీద పడి ఆ తుంపర తుడిచి చూశాడు. ఆమెది కాదు.

చీఫ్ గొంతు అప్పుడు వచ్చింది, మామూలుకన్నా నెమ్మదిగా. "నీ మాట వినపడలేదు. కూత ఒక్కటే వినపడింది. ఆర్డరు ఇవ్వడానికి నోరు తెరిచాను."

"మరి?"

"కూత వినగానే ఆ పెద్దమనిషి చెవులు మూసుకుని ఏడో రేవు వైపు చూశాడు. బైనాక్యులర్స్‌లో మేడ మీంచి నాకు స్పష్టంగా కనపడింది, పేలుడు కోసం చూస్తున్నాడు. పేలలేదు. అప్పుడు ఆమె వైపు తిరిగి పిస్తోలు తీశాడు. రైఫిల్ కొంచెం ఎడమకి జరపమన్నాను."

చీకటి పడకముందే ఆమెను డ్రై క్లీనింగ్ షాపు వెనక గదికి తీసుకొచ్చారు. గౌను మీద ఎవరిదో మగాళ్ళ కోటు వేసుకుని, రెండు చేతులతో కాఫీ కప్పు పట్టుకుని కూర్చుంది. లాంచీలోంచి బాంబుని సార్జెంటు ఎలా దించాడో, ముఠాలో మిగిలినవాళ్ళని ఎక్కడెక్కడ పట్టుకున్నారో చీఫ్ చెప్తుంటే వింది. బూరలాయన గురించి తనే చెప్పింది. అతన్ని ఎవరూ అమ్మలేదట. రోజంతా గోల చేసి అమ్మేవాడు, టీ వేళకి మాత్రం అమ్మడం మానేసి తలవంచి వినేవాడట. పైనుంచి చూసేవాళ్ళకి ఆ తేడా ఎన్నాళ్ళు దాగుతుంది? రెండుసార్లు వద్దని సైగ చేసిందట. అతనికి పాట బాగా నచ్చేదట. చీఫ్ హ్యాంగర్ల వైపు తిరిగి, ఏదో కోటు గుండీ లెక్క చూస్తున్నట్టు నిలబడ్డాడు. అతనిలాంటివాడు క్షమించమని అడగడం అంతకన్నా బాగా రాదు.

"అన్నయ్యా," అంది ఆమె. "నిన్ను చూశాక చేతులు ఆడలేదు. సరిగ్గానే వాయించానా?"

ట్యూనర్ ఆమె మొహం చూశాడు. తప్పు వాయించావని చెబితే, ఆ తప్పు ఎంత దూరం వెళ్ళిందో కూడా చెప్పాలి. ఎదుటి మేడ మీది రైఫిల్ మొదట ఎవరికోసమో చెప్పాలి. ఆరు అని అక్షరాలా చెప్పింది ఎవరో చెప్పాలి.

"సరిగ్గా ఏడే అమ్మడూ. సూది మోపినంత తేడా లేదు."

"మరి రేవుకి నువ్వెందుకు వెళ్ళావు? స్క్వాడు ఏమైంది?"

"బ్రిడ్జి మీద ట్రాఫిక్."

ఆమె తలూపి కాఫీ తాగింది. ముప్పై ఏళ్ళుగా జీతం తీసుకుని అబద్ధాలాడిన మనిషి, ఆ ఒక్కటి మాత్రం సర్కారుకి ఉచితంగా ఆడిపెట్టాడు.